పదకొండో నంబరు

మా ఇంట్లో దేవుడి గది పక్కన ఇంకో చిన్న గది ఉండేది. మావారు దాన్ని కంట్రోల్ రూమ్ అనేవారు. మా అత్తగారు డబ్బాల గది అనేవారు. నేను పైకి ఏమీ అనేదాన్ని కాదు గానీ, లోపల్లోపల జైలు అనుకునేదాన్ని.

టాటానగర్‌లో బారిడీహ్ అయిపోయి బిర్సానగర్ మొదలయ్యే చోట మా ఇల్లు. డాబా మీద మూడు పెద్ద డిష్షులుండేవి. వాటి కింద బట్టలు ఆరేసుకోవడానికి కూడా చోటుండేది కాదు. మావారు అంతకుముందు ఒక కాంట్రాక్టరు దగ్గర వైరింగు పని చేసేవారు. ఆ కాంట్రాక్టు అయిపోయాక, ఇంటింటికీ రంగుల టీవీలు వస్తున్న రోజులు కదా అని, ఉన్నదంతా ఊడ్చి కేబుల్ పెట్టారు. చుట్టుపక్కల వీధులన్నిటికీ మా ఇంటి నుంచే తీగలు వెళ్ళేవి. ఎవరింటి టీవీలో ఏ బొమ్మ కనబడినా అది ముందు మా డబ్బాల గదిలో దిగి వెళ్ళాల్సిందే.

అప్పటి టీవీల్లో చాలావాటికి పన్నెండు ఛానళ్ళే పట్టేవి. హిందీవి, వార్తలు, క్రికెట్, మేము సొంతంగా వేసే సినిమా, అన్నీ పోగా మిగిలింది పదకొండో నంబరు. దాని మీద ముగ్గురి కన్ను. మా వీధుల్లో స్టేషన్లోనూ కార్ఖానాల్లోనూ పనిచేసే తెలుగువాళ్ళున్నారు, బెంగాలీలున్నారు, ఒడియావాళ్ళున్నారు. ఒక్కొక్క ఛానల్‌ని తీగలోకి తోయడానికి ఒక్కొక్క మిషను కావాలి. మాకు పదకొండుకి ఉన్నది ఒకటే మిషను. అందుకని డిష్షుల నుంచి బొమ్మ పట్టే మూడు భాషల డబ్బాలు మూడూ పక్కపక్కన పెట్టి, వేళ కాగానే ఒక డబ్బాలోంచి తీగ పిన్ను పీకి ఇంకో డబ్బాకి గుచ్చేవాళ్ళం. వీధి కుళాయి దగ్గర బిందెలు మార్చినట్టే. మధ్యాహ్నం రెండింటి దాకా బెంగాలీ, అక్కడ్నించి తెలుగు సీరియళ్ళు, అవయ్యాక ఒడియా, సాయంత్రం వార్తలకి మళ్ళీ తలా ఒక ముక్క.

గుచ్చేవాళ్ళం అన్నాను గానీ, గుచ్చేది నేనొక్కదాన్నే. మావారు ఎప్పుడూ ఏదో ఒక స్తంభం మీద ఉండేవారు. అత్తగారికి చదువు రాదు, డబ్బాల మీద అక్షరాలేమో ఇంగ్లీషు. ఆవిడ వల్ల కాదని ఎవరూ అనలేదు. అయినా ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం. ఆవిడ రోజూ నా వెనక కూర్చుని ఆ గదిలో టీవీలోనే సీరియల్ చూసేవారు గానీ, డబ్బాల మీద చెయ్యి వేయడం ఏడాదికొకసారి, విశ్వకర్మ పూజ రోజున. ఆ రోజు ఊళ్ళో ప్రతి మిషనుకీ దండ పడుతుంది, రిక్షాకి కూడా. మా అత్తగారు తలస్నానం చేసి వచ్చి తెలుగు డబ్బాకి పసుపు బొట్టు, బెంగాలీ డబ్బాకి కుంకుమ, ఒడియా డబ్బాకి గంధం పెట్టేవారు. ఎవరికి ఏది ఇష్టమో ఆవిడ లెక్క ఆవిడకుండేది. ఆ బొట్లు తుడవనిచ్చేవారు కాదు. దుమ్ము దులిపేటప్పుడు కూడా వాటి చుట్టూ గుడ్డ తిప్పాల్సొచ్చేది.

పెళ్ళికి ముందు నేను బీయస్సీ చదివాను. మా నాన్న టాటానగర్ స్టేషన్లో పనిచేసేవారు, రైల్వే క్వార్టర్లలో పెరిగాను. బండ్ల రాకపోకల మధ్య పెరిగినదాన్ని, ఎప్పుడంటే అప్పుడు ఎక్కి వెళ్ళిపోవచ్చనే భ్రమ ఒకటి ఉండేది. పిన్ను నా చేతికొచ్చాక ఆ భ్రమ పోయింది. ఎవరి ఇంట పేరంటమైనా రెండింటి లోపల తిరిగి రావాలి. సినిమాకి వెళితే సగంలో లేవాలి. జ్వరం వస్తే మంచం ఆ గదిలోనే వేసుకోవాలి. ఒకసారి మా అమ్మ నన్ను చూద్దామని వచ్చి సాయంత్రం దాకా కూర్చుని, ‘అమ్మాయీ, నువ్వు నాతో మాటాడతన్నావా, గోడ గడియారంతో మాటాడతన్నావా’ అని అడిగి వెళ్ళిపోయింది.

ఒక్క నిమిషం ఆలస్యమైతే ఫోను మోగేది. ఆ ఫోను ఎన్నో ఏళ్ళ కిందట దరఖాస్తు పెడితే వచ్చింది. వచ్చిన రోజున మిఠాయి పంచాం. వేరే ఇళ్ళలో ఫోనంటే కబుర్లు, పెళ్ళి మాటలు. మా ఇంట్లో ఫోనంటే తిట్లు. తెలుగువాళ్ళ తరఫున వెనక వీధి పిన్ని చేసేది. ఆవిడ భర్త రైల్వేలో రిటైరయ్యాడు.

“ఏటమ్మా, రెండు దాటిపోనాది. ఇంకా ఆ బెంగాలీవోలే కూకున్నారు. మనోల్లేరీ?”

“పెడుతున్నాను పిన్నీ.”

“బేగి ఎట్టమ్మా. నిన్న కతలో దాని మొగుడు ఇల్లొదిలేసి పోనాడు. ఏటయ్యిందో ఏటో.”

ఫోను పెట్టేసి పిన్ను మార్చగానే ఎదురింటి బెంగాలీ భాభీ కిటికీలోంచి కేకేసేది. ఆవిడ కథలో అప్పుడే ఎవరో కళ్ళు తెరవబోతూ ఉండేవారట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాకు ఇద్దరి మీదా కోపమే. కానీ కేబుల్ వాళ్ళింటి కోడలికి కోపం రాకూడదు.

తిట్లయితే పడొచ్చు. పిన్ని ప్రేమ పడటమే కష్టం. పండగలకి అరిసెలు తెచ్చి నా చేతిలో పెట్టి, “నీ పున్నేన తెలుగు మాట ఇంటన్నామమ్మా. మా మనవళ్ళు మాతో హిందీలోనే మాటాడతారు. నువ్వు నేకపోతే మాకు ఈ ఊర్ల దిక్కెవరు” అనేది. తాళం వేసిన తలుపైతే బద్దలు కొట్టొచ్చు. అరిసెలు పెట్టి దణ్ణం పెట్టేవాళ్ళని ఏం చేస్తాం?

ఇంతలో పోటీ వచ్చింది.

ఆ రోజుల్లో పేపరు తెరిస్తే అదే గోల. ఫోన్లలో ప్రైవేటువాళ్ళొస్తున్నారు, కేబుల్‌లో పెద్దవాళ్ళొస్తున్నారు, ఇక వినియోగదారుడే రాజు అని రాసేవారు. రాజుల సంగతి నాకు తెలియదు. మా ఇంటికి పోటీ ఎలా వచ్చిందంటే, బిర్సానగర్ అవతలి చివర ఇంకో ఆయన డిష్షు పెట్టాడు. మాకంటే తక్కువకి ఇస్తానన్నాడు. ఆ తర్వాత, కడుపు మీద కొట్టినట్టు, తను కూడా తెలుగు వేయడం మొదలుపెట్టాడు. అతని మనిషి ఒకడు భుజాన తీగ చుట్ట వేసుకుని మా వీధుల్లో తిరుగుతూనే ఉండేవాడు. మధ్యాహ్నం మా బొమ్మ ఆగితే సాయంత్రానికి ఆ ఇంటి తీగ మారిపోయేది. మేము రేటు తగ్గించాం, అతనూ తగ్గించాడు. రాత్రికి రాత్రి స్తంభాల మీద తీగలు తెగిపోయేవి. ఎవరు తెంపారో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మాట్లాడరు.

అంతవరకూ ఆలస్యమైతే తిట్టేవారు. ఇప్పుడు ఆలస్యమైతే వెళ్ళిపోతారు. నేను పిన్ను దగ్గరే అన్నం తినడం మొదలుపెట్టింది అప్పుడే. జనానికి రెండు దార్లు దొరికాయి, నాకున్న ఒక్క గుమ్మమూ మూసుకుంది. పోటీ గురించి రాసిన ఆ పేపర్లలో ఈ సంగతి ఎక్కడా కనబడలేదు.

కలకత్తా నుంచి ఒక పెద్ద కంపెనీ కూడా ఊళ్ళో దిగింది. దాని మనుషులిద్దరు మా ఇంటికొచ్చి టీ తాగుతూ, మార్కెట్ ఎటు పోతోందో మావారికి చెప్పారు. ఇక డబ్బాలూ డిష్షులూ ఎవరికివారు పెట్టుకోవడం ఉండదట. ఊళ్ళోంచి ఒక లావు తీగ వస్తుంది, అందులో అన్ని ఛానళ్ళూ తయారుగా ఉంటాయి, మీరు ఇంటింటికీ పంచితే చాలు అన్నారు. నేను పక్క గదిలో పిన్ను పట్టుకుని వింటున్నాను. అన్నీ తయారుగా వస్తాయన్న మాట వినగానే ఇక పిన్ను పట్టుకునే పనే ఉండదనుకున్నాను. మావారు తెలుగు ఉందా అని అడిగారు. సౌత్‌ది ఒకటి ఉందన్నారు వాళ్ళు. అదేమో తమిళం. వాళ్ళకి రెండూ ఒకటే.

వాళ్ళు వెళ్ళాక మావారు గుమ్మంలో నిలబడి, “ఆళ్ళ తీగ పట్టుకుంటే మనం ఆళ్ళకి కూలోలం అయిపోతాం” అన్నారు.

“ఇప్పుడు మాత్రం ఏమిటండీ మనం?” అన్నాను.

ఆయన నిచ్చెన భుజాన వేసుకుని బయటికెళ్ళారు. ఆయన కూడా కట్టుబడ్డ మనిషేనని నాకు తెలుసు. ఎండలో నిచ్చెన మోసి మోసి భుజం కాయకాచింది. అయినా ఆయనకి కనీసం స్తంభం మీంచి నాలుగు వీధులు కనబడతాయి కదా అని కుళ్ళుకునేదాన్ని. ఆ పెద్ద కంపెనీ మమ్మల్ని మింగేస్తే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్న కేబుల్ వాళ్ళింటి ఇల్లాలిని బహుశా నేనొక్కదాన్నే.

మొబైల్‌కి వచ్చే ఫోన్లు ఉచితమైన కొత్తలో మావారు ఒక సెల్‌ఫోన్ కొని నా చేతిలో పెట్టారు. “ఇదుంటే నువ్వు ఎక్కడికన్నా ఎల్లొచ్చు. ఏటైనా అయితే సేత్తారు” అన్నారు. నిజంగా సంతోషంగానే ఇచ్చారు. మర్నాడు బారిడీహ్ బజారులో వంకాయలు ఏరుతుంటే అది మోగింది. ఒడియా బొమ్మలో చుక్కలు పడుతున్నాయట. వంకాయలు అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ ఏడాదే మా అమ్మాయి స్కూల్లో అమ్మానాన్నలేం చేస్తారని టీచరు అందరినీ అడిగిందట. సాయంత్రం అది పుస్తకాల సంచీ దింపుతూ మామూలుగా చెప్పింది, “మైనే బోల్ దియా, మేరీ మమ్మీ తార్ బదల్తీ హై.”

మా అమ్మ తీగ మారుస్తుంది. తప్పేముంది, నిజమే కదా. కానీ ఆ మాట నన్ను పొడిచింది. నా బీయస్సీ, నా పదేళ్ళూ ఆ ఒక్క ముక్కలో పట్టేశాయి. ఆ వారమే టెల్కో కాలనీలో ఒక స్కూలుకి చిన్న క్లాసులకి సైన్సు టీచరు కావాలంటే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. సరిగ్గా మధ్యాహ్నం వేళ.

మావారితో చెప్పాను. నాకు ఆ ఉద్యోగం కావాలని, అది రాకపోతే నేను ఆ గదిలోనే ముసలిదాన్నయిపోతానని కూడా చెప్పాను. ఆయన చేతిలో ప్లయర్సు కింద పెట్టారు. తర్వాత, “ఆ పూట నాను ఇంటికాడుంటాను. రెండింటికి నానే మారుత్తాను. నువ్వెల్లు” అన్నారు. ఉద్యోగం వచ్చాక సంగతి వచ్చాక చూసుకుందాం అనుకున్నాం.

ఆ రోజు నేను బయల్దేరే వేళకి ఆయన ఇంకా ఇంటికి రాలేదు. వచ్చేస్తారు కదా అని బెంగాలీ డబ్బాకి పిన్ను పెట్టి, పెళ్ళిలో కట్టుకున్న గంజి చీర కట్టుకుని టెంపో ఎక్కాను. అత్తగారు వంటింట్లో చింతపండు పిక్క తీస్తున్నారు. వెళ్ళొస్తానంటే తలూపారు.

టెంపో బిర్సానగర్ మలుపు తిరిగింది. మలుపులో స్తంభానికి నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన చివర మావారు. తెగిన తీగ పళ్ళతో పట్టుకుని ఇంకో తీగకి చుడుతున్నారు. కింద నలుగురు ఆడవాళ్ళు కొంగులు బిగించి నిలబడి ఉన్నారు. ఆ పక్కనే భుజాన తీగ చుట్ట వేసుకున్న అవతలివాడి మనిషి, తొందరేం లేనట్టు బీడీ కాలుస్తున్నాడు. మావారు నన్ను చూడలేదు. నేను టెంపో ఆపమనలేదు. ఆపితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆయన దిగితే ఆ వీధి పోతుంది. నేను వెనక్కి వెళితే నా సంగతి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ టెంపోలో కూర్చుని తెలుసుకున్నాను.

స్కూలు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. గోడ మీద గడియారం. నా బతుకులో ఎక్కడికెళ్ళినా ఎదురుగా ఒక గడియారం ఉంటుంది. రెండు కావస్తుంటే సెల్‌ఫోన్ తీసి ఇంటికి చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎంగేజ్. పిన్ని చేస్తూ ఉంటుంది, పిన్ని పెట్టేస్తే ఇంకొకరు, వీధి వీధంతా మా ఇంటికి ఫోను చేస్తూ ఉంటుంది. పదకొండో నంబరులో ఇంకా బెంగాలీవాళ్ళే కూర్చుని ఉంటారు. అత్తగారు ఒక్కరే ఆ తిట్లన్నీ తింటూ ఉంటారు. సెల్‌ఫోన్‌కి మాత్రం ఎవరూ చేయలేదు. మోగితే ఒక భయం. మోగకపోతే అంతకు రెట్టింపు భయం. జనం ఇక అడగడం కూడా మానేసి తీగ మార్చేసుకుంటున్నారేమో అనిపించింది.

లోపలికి పిలిచారు. ప్రిన్సిపాల్ పెద్దావిడ, నెమ్మదస్తురాలు. చిన్నపిల్లలకి కరెంటు ఎలా ప్రవహిస్తుందో చెప్పమంది. నేను బల్ల మీదున్న మూడు సుద్దముక్కల డబ్బాలు వరసగా పెట్టి, చెవి రింగు తీసి పిన్నుగా పెట్టి, తీగ తెగితే ఏమవుతుందో, కలిస్తే ఏమవుతుందో చెప్పాను. ఎలా వచ్చాయో ఆ మాటలు. ఆవిడ ముందుకు వంగి వింది. చివర్లో నవ్వింది. ఎవరైనా నేను చెప్పింది అలా విని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు.

అప్పుడు ఆవిడ, ఇక అయిపోయిందన్నట్టు కాగితం మూసి, “ఢాయీ బజే తక్ రుక్ పాయేంగీ న?” అంది. రెండున్నర దాకా ఉండగలరు కదా అని. మామూలు ప్రశ్న. ప్రతి ఒక్కరినీ అడిగేది.

“రెండింటికి నేను ఇంట్లో ఉండాలండీ” అన్నాను.

హిందీలో కూడా కాదు, తెలుగులో. పిన్నికి ఫోన్లో చెప్పినంత తేలిగ్గా. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమయింది. అప్పుడే దిద్దుకోవచ్చు. ఉండగలనని ఒక్క ముక్క అంటే చాలు. గోడ మీద గడియారం రెండు దాటింది, చేతిలో ఫోను మోగలేదు, ఎంగేజ్ మోత చెవిలో ఇంకా ఉంది. నేను అదే మాట మళ్ళీ హిందీలో చెప్పాను. దో బజే ముఝే ఘర్ పే రహ్నా హోతా హై. ఆవిడ మొహంలో నవ్వు సర్దుకుంది. సరేనమ్మా అంది. బల్ల మీంచి చెవి రింగు తీసుకుని బయటికొచ్చాను.

మా వీధి మలుపులో టెంపో దిగేసరికి అన్ని కిటికీల్లోంచీ ఒకటే పాట వినబడుతోంది. తెలుగు సీరియల్ పాట. వెనక వీధిలోంచీ అదే. పరిగెత్తి ఇంట్లోకి వెళ్ళాను. మావారి చెప్పులు లేవు.

డబ్బాల గదిలో నా స్టూలు మీద మా అత్తగారు కూర్చుని ఉన్నారు. చేతిలో చింతపండు పళ్ళెం, కళ్ళు టీవీ మీద. పిన్ను పసుపు బొట్టు డబ్బాకి గుచ్చి ఉంది. ఫోను రిసీవరు తీసి పక్కన బల్ల మీద పెట్టి ఉంది, కుయ్యిమంటోంది.

“ఎవరు మార్చారు అత్తమ్మా?”

“ఎవరేటి, నానే. ఆడు రానేదు, నువ్వు నేవు. పసుపు బొట్టుదే కదా మనది” అన్నారు తల తిప్పకుండా. “రోజూ సూత్తన్నదే. ఇదేటి పెద్ద పనా?”

“ఫోను ఎందుకు తీసేశారు?”

“ఊరికే మోగుతాదని తీసి పక్కనెట్టినాను. కథ ఇననివ్వరు మరి.”

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. పదేళ్ళుగా ఆవిడ నా వెనక కూర్చుని చూస్తూనే ఉన్నారు. నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడ తనంతట తాను చెప్పనూ లేదు.

కథలో విరామం వచ్చింది. అప్పుడు నా వైపు తిరిగారు. గంజి చీరలో నన్ను కిందికీ పైకీ చూసి, “వచ్చినాదా ఉజ్జోగం? వత్తే ఎల్లు. ఇక్కడ నాను సూసుకుంటాను. నాకూ కాలచ్చేపం” అన్నారు.

“వేరే వాళ్ళని తీసుకున్నారు అత్తమ్మా.”

“పోనీలే” అన్నారు ఆవిడ. ఆ మాటలో నిజమైన జాలి ఉంది. పళ్ళెం తీసుకుని, స్టూలు మీంచి లేచి, నాకు చోటిచ్చారు. “ఆ ఫోను ఎట్టీ. పాపం ఎవరికేటి కావాలో.”

నేను స్టూలు మీద కూర్చుని రిసీవరు తీసి దాని చోట పెట్టాను. పెట్టగానే మోగింది. ఎత్తాను.